ఆగ్నెస్ ఒట్టు పెట్టలేదు: యువ రచయిత్రికి లేఖ

అమ్మా,

మధ్యయుగంలో ఫ్రాన్స్‌లో పుట్టిన క్రైస్తవ బృందం వాల్డెన్సియన్ల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 1173 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పీటర్ వాల్డో అనే వర్తకుడు కొత్త శాఖ స్థాపించాడని రాశావు. ఆ వర్తకుడు ఆస్తి పంచేశాడు, సువార్తలను జనం మాట్లాడే భాషలోకి రాయించాడు. అంతవరకు నిజమే. అయితే ‘పీటర్’ అన్న పేరు 14వ శతాబ్దపు రాతల్లో గానీ కనిపించదు. కొత్త శాఖ పెట్టాలని ఆయన అనుకోనూ లేదు. 1179లో ఆ బృందం వాళ్లు రోముకు వెళ్లి పోప్‌నే అనుమతి అడిగారు. 1184లో చర్చే వాళ్లని వెలివేసింది. వాళ్లు తమను ‘పేదలు’ అని చెప్పుకునేవారు. వాల్డెన్సియన్లన్నది ఎదుటివాళ్లు పిలిచిన పేరు.

మధ్యయుగంలో వీళ్ల గురించి మనకు మిగిలినదాంట్లో ఎక్కువ భాగం చర్చి తరఫున వాళ్లని విచారణ చేసినవాళ్లు రాయించిందే. అందుకే వాళ్లలో ఒకరైన ఆగ్నెస్ గురించి నువ్వు వాడిన ‘మొండితనం’ అన్న మాట నన్ను బాధపెట్టింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని పామియేలో విచారణ జరిపిన బిషప్ జాక్ ఫోర్నియే ముందు ఆమెను నిలబెట్టారు. నిజం చెబుతానని ఒట్టు పెట్టమన్నారు. అసలు ఒట్టే పెట్టుకోవద్దని యేసు చెప్పాడని నమ్మిన మనిషి ఆమె. పెట్టలేదు. ఆ నిరాకరణే ఆమె మీద సాక్ష్యమైంది. తాను పాలిచ్చి పెంచిన వాల్డెన్సియన్ రేమండ్‌తో పాటు 1320లో ఆమెనూ తగలబెట్టారు. ఫోర్నియే తర్వాత పోప్ అయ్యాడు. ‘మొండితనం’ ఆయన వైపు నుంచి చూస్తే కనిపించేది. ఆమె వైపు నుంచి చూస్తే అది విశ్వాసం. నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావో రాసేముందే తేల్చుకో.

1532లో చాన్‌ఫొరాన్ సభలో వాళ్లు ప్రొటెస్టెంట్ సంస్కరణోద్యమంతో కలవడం, 1655లో వాళ్ల ఊచకోత, వెళ్లగొట్టబడ్డవాళ్లు 1689లో తిరిగి ఆల్ప్స్ పర్వతాల్లోని తమ లోయలకు చేరడం బాగానే చెప్పావు. వాటిని కదపొద్దు.

1848 దగ్గర మాత్రం తొందరపడ్డావు. ఫిబ్రవరి 17న ఆ లోయలను ఏలిన సార్డీనియా రాజు చార్లెస్ ఆల్బర్ట్ వాళ్లకు పూర్తి మతస్వేచ్ఛ ఇచ్చాడన్నావు. ఆయన ఇచ్చినవి పౌర, రాజకీయ హక్కులు. ఆరాధన విషయంలో కొత్తగా ఏదీ మారదని ఆ పత్రంలోనే ఉంది. అయినా ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో ఉన్న ఆ లోయల్లో ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 17కి ముందురోజు సాయంత్రం మంటలు వెలిగించి పండగ చేసుకుంటారు. సగం దక్కినా వాళ్లకి ఎంత ఆనందమో రాయి, అదీ నిజమే.

టెన్షన్ పడకు, గడువు ఇంకా ఉంది. ఈసారి లియోన్ వర్తకుడితో కాకుండా ఆగ్నెస్‌తో మొదలుపెట్టి పంపు.