వలసల కాలంలో పల్లెల్లో పిల్లలు ఎందుకు చిక్కిపోతారు?

వానల్లేక ఊళ్లో సగం మంది బెంగళూరు పనులకు పోయారని, అంగన్‌వాడీలో బాలామృతం (పిల్లలకిచ్చే పోషకాహార పొడి), గుడ్లు ఇస్తున్నా పిల్లల బరువు పడిపోతోందని మీరు రాశారు. నేను అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో చాలా ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేశాను. నన్నడిగితే, ఇంట్లో తిండి ఎంతుందన్నది తర్వాత. పిల్లాడికి అన్నం పెట్టే మనిషి ఎవరో ముందు చూడండి.

శెనక్కాయ పంట పోయిన ఏడాది అమ్మానాన్న పనికి పోతే పిల్లాడు అవ్వ దగ్గరుంటాడు. ఆమెకు ఉపాధి పని, నీళ్ల తిప్పలు. పొయ్యి వెలిగించేది పొద్దున, రాత్రి రెండు పూటలే. పెద్దవాళ్లకు సరిపోతుంది గానీ ఏడాది బిడ్డ పొట్టలో ఒకేసారి ఎంత పడుతుంది? తల్లిపాలు మానిన బిడ్డకు రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి. రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఒక్క బిడ్డకని ఇస్తాం, ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురూ తింటారు. ఒకరికి పెట్టి ఇంకొకరికి లేదనడం ఏ అవ్వ వల్లా కాదు.

అందుకే తల్లి ఊళ్లో ఉండగానే అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని వండించేవాళ్లం. రాగి గంజి చెంచాలో తీసి వంచితే నీళ్లలా జారిపోకూడదు, చెంచాను పట్టుకుని నిలవాలి. పలచటి గంజితో కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. అందులో వేయించిన శెనక్కాయల పొడి, కాస్త నూనె కలపాలి. గింజలు మాత్రం అలాగే పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. మధ్యాహ్నం పూట వీధిలో ఒకరింట్లో నలుగురు పిల్లలకు కలిపి పెట్టేలా వంతులు వేశాం. మాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే.

ఇంకోటి నీళ్లు. బోర్లు ఎండి ట్యాంకరు నీళ్లు తొట్లలో నిలవ పెట్టుకునే రోజుల్లో విరేచనాలు ఇల్లిల్లూ తిరుగుతాయి. అప్పుడు అన్నం మాన్పిస్తారు చూడండి, బిడ్డ అక్కడే దెబ్బతింటుంది. ఓఆర్ఎస్ తాగించాలి, విరేచనాలు తగ్గినా జింక్ మాత్రలు 14 రోజులూ వేయాలి, తిండి ఆపకూడదు.

వలస పోయే ముందు, ఆ తర్వాత నెలనెలా ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత టేపుతో చూడండి. 12.5 సెంటీమీటర్లలోపు పసుపు, అంటే బిడ్డ చిక్కినట్టు; 11.5 లోపైతే ఎరుపు, అంటే మరీ చిక్కినట్టు. ఎరుపొచ్చినా, రెండు పాదాలూ ఉబ్బి వేలితో నొక్కితే గుంట పడినా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. అవసరమైతే అక్కడి నుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. కూలి పోతుందని తల్లులు వెనకాడతారు. అక్కడ బిడ్డతో ఉన్నన్నాళ్లూ తల్లికి భత్యం ఇస్తారని ముందే చెప్పండి.

పిల్లల్ని వెంట తీసుకెళ్లేవాళ్లయితే అంగన్‌వాడీ టీచర్ ఫోన్‌లో ఉండే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస నమోదు చేయించుకుని వెళ్లమనండి. పోయిన చోట అంగన్‌వాడీలో పేరు రాయించుకోవడం తేలికవుతుంది. టేపు లేకపోతే ఆశా కార్యకర్తను అడిగి ఈ వారంలోనే కొలతలు మొదలుపెట్టండి.