పక్ వెంట పరుగెత్తకండి, గీత దగ్గర ముందే ఉండండి

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర లంక గ్రామమండి. కెనడా వచ్చి మూడేళ్ళయింది. స్కేటింగ్ బాగానే పట్టుబడింది. వచ్చే సీజన్‌లో పిల్లల ఐస్ హాకీ మ్యాచ్‌లకు రెఫరీగా చేద్దామనుకుంటున్నాను. చాలా మ్యాచ్‌లకు ఇద్దరే ఉంటారట. ఆట నడుస్తుండగా ఎవరు ఎక్కడ నిలబడాలో ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. కాస్త విడమరిచి చెబుతారా?

జవాబు: ముందు నేల లెక్క చూద్దామండి. కెనడా, అమెరికాల్లో రింక్ (ఆడే మంచు బరి) 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి మన కొలతలో సుమారు 38 సెంట్లు. ఈ కాస్త నేలలో రెండు జట్లూ కలిపి పన్నెండు మంది స్కేట్ల కత్తుల మీద పరుగెడుతుంటారు. వాలీబాల్ అంపైరుకైతే ఎక్కి నిలబడడానికి బల్ల ఉంటుంది, కబడ్డీ అంపైరుకు కోర్టు బయట చోటుంటుంది. ఇక్కడ మీరు బరిలోనే ఉండాలి, బరికి అడ్డం రాకూడదు.

ఎక్కడ నిలబడాలన్నది ఏ గీతను చూడాలన్న దాన్నిబట్టి తేలుతుంది. రింక్ మధ్యలో ఎర్ర గీత ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు నీలం గీతలు, వాటి మధ్య దూరం 50 అడుగులు. రెండు కొసల్లో గోల్ లైన్లు, ఒక్కోటి వెనక బోర్డుకు (రింక్ చుట్టూ ఉండే గోడకు) 11 అడుగుల ఇవతల. ఇద్దరే ఉన్నప్పుడు పక్ (బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ళ) ఒక కొసకు చేరితే ఒకరు ఆ కొస గోల్ లైన్ దగ్గర, ఇంకొకరు నీలం గీత దగ్గర ఉండాలి. ఇద్దరూ ఒకే పక్క బోర్డులకు చేరకండి. ఒకరు కుడి పక్కన, ఒకరు ఎడమ పక్కన ఉంటే ఒకరికి ఆటగాళ్ళు అడ్డొచ్చినా రెండోవారికి కనబడుతుంది.

కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది నీలం గీత దగ్గరే. గీత వెడల్పు ఒక అడుగు. దాడి చేసే ఆటగాడి రెండు స్కేట్లూ గీతను పూర్తిగా దాటేసి, పక్ ఇంకా దాటకపోతే ఆఫ్‌సైడ్. చూడాల్సింది స్కేట్లు, స్టిక్ కాదు. పక్ లోపలికి (గోల్ ఉన్న కొసవైపు) వెళ్ళినట్టు అనాలన్నా, బయటికి వచ్చినట్టు అనాలన్నా గీత మొత్తం దాటాలి. ఇది ఏటవాలుగా చూస్తే తేలదు. మీరు గీతకు ఆరడుగుల దూరాన ఉంటే, దగ్గర ఉన్న ఆటగాడికీ అవతలి బోర్డు పక్కనున్న పక్‌కీ ఎవరు ముందో తారుమారుగా కనబడుతుంది. వడ్రంగి చెక్క అంచు వంకర చూడాలంటే ఒంటికన్నుతో అంచు వెంబడే చూస్తాడు కదా, అలా గీత పొడుగునా చూపు పోవాలి. అందుకే పక్ గీతను చేరేసరికే మీరు అక్కడుండాలి. అదీ ఆగి ఉండాలి. కదులుతూ చూసినవాడి కన్ను మోసం చేస్తుంది.

లోపల ఆట కుదురుకున్నాక గీతకు బయటివైపు, అంటే రింక్ మధ్యవైపు, బోర్డుకు దగ్గరగా నిలబడండి. పక్ మీ బోర్డు వెంటే దూసుకొస్తే లోపలికి తప్పుకోకండి, అక్కడ ఆటగాడు వస్తుంటాడు. మధ్యవైపు ఒకటి రెండు అడుగులు జరగండి. చోటు లేకపోతే బోర్డు అంచు పట్టుకుని పాదాలు పైకెత్తేయండి, పక్ కిందనుంచి పోతుంది.

అసలు చిక్కు ఆట తిరగబడినప్పుడు వస్తుంది. లోపలున్న జట్టు పక్ పోగొట్టుకుంటే ఆట ఒక్కసారిగా అవతలి కొసకు పోతుంది. అప్పటిదాకా నీలం గీత దగ్గరున్నవారు ముందువారవుతారు. ఆటకంటే ముందే అవతలి నీలం గీతకు చేరి, ఆఫ్‌సైడ్ తేలేదాకా అక్కడే ఉండి, ఆ తర్వాతే గోల్ లైన్‌కు దిగాలి. గోల్ లైన్ దగ్గరున్నవారు వెనకవారవుతారు. వాళ్ళు ఆట వెనకాలే వచ్చి ఆ నీలం గీతను అందుకోవాలి. ముందువారు గీత వదిలేసరికి వెనకవారు కనీసం ఎర్ర గీత దాకా రాకపోతే గీతకు కాపలా ఉండదు. పక్ సరిగ్గా ఆ రెండు మూడు సెకన్లలోనే బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతుంది. వంతు నీళ్ళ దగ్గర మనవాళ్ళు ఇదే జాగ్రత్త పడతారు: అవతలివాడు తూము దగ్గరికి వచ్చాడని చూసుకోకుండా ఇవతలివాడు పార వదలడు. ఐసింగ్ (ఎర్ర గీతకు ఇవతలినుంచే పక్‌ను అవతలి గోల్ లైన్ దాటేలా కొట్టడం) చూడడం కూడా ఈ జోడీ పనే. పక్ ఎర్ర గీతకు ఇవతలినుంచే కొట్టారా అన్నది వెనకవారు చూసి చెయ్యెత్తుతారు, అవతల ఏం జరుగుతుందో ముందువారు చూస్తారు.

గోల్ లైన్ దగ్గరివారికి ఇల్లు లాంటి చోటు పక్క బోర్డుకు కొద్ది అడుగుల దూరంలో, గోల్ లైన్ మీద. ఆట మీ మూలకు వస్తే బోర్డుకు అంటుకుపోకండి, నలిగిపోతారు. గోల్ లైన్ వెంబడే నెట్ వైపు జరిగి, మీ వెనక బోర్డు పక్కన ఆటగాళ్ళకు చోటివ్వండి. ఆట వెళ్ళాక మళ్ళీ వెనక్కి. నెట్ ముందు గుంపుగా కొట్టుకుంటుంటే గోల్ లైన్ వెంబడే దగ్గరికి వెళ్ళి, గీత పొడుగునా చూడండి. పక్ గీతను పూర్తిగా దాటితేనే గోల్. గీతకు ముందునుంచి చూస్తే దగ్గరి స్తంభం, గోలీ (గోల్‌కీపర్) కాళ్ళ ప్యాడ్లు ఆ అంగుళం మందం రబ్బరు బిళ్ళను మింగేస్తాయి.

పక్ కనబడకుండా పోతే విజిల్ వేయాలి. ఆట ఆగినట్టు లెక్క మీ చూపు తప్పిన క్షణం నుంచే, విజిల్ మోత నుంచి కాదు. గోలీ కింద పక్ ఉందనుకుని తొందరపడి ఊదేసి, అది పక్కనే దొర్లుతూ కనబడితే ఇరు జట్ల కోచ్‌లూ మీ మీదే పడతారు. సగం అనవసరపు విజిళ్ళు దూరంగా నిలబడినవాళ్ళవే. రెండడుగులు పక్కకు జరిగితే కనబడేది.

పక్ మీకు తగిలినా ఆట ఆగదు. కానీ మీకు తగిలి నేరుగా నెట్‌లోకి పోతే గోల్ కాదు. గడ్డకట్టించి తెచ్చిన ఆ పక్ 156 నుంచి 170 గ్రాములు. షిన్ గార్డులు, మోచేతి ప్యాడ్లు, ముఖానికి వైజర్ లేకుండా దిగవద్దు.

క్రికెట్ చూసి పెరిగిన కళ్ళు బంతి వెంటే పోతాయి. ఇక్కడ అది పనికిరాదు. గోల్ లైన్ దగ్గరివారు పక్ చుట్టూ చూస్తుంటే, నీలం గీత దగ్గరివారు పక్ లేనిచోట, పక్ పోయిన తర్వాత ఒకణ్ణొకడు ఏం చేస్తున్నారో చూడాలి. దొంగ దెబ్బలు అక్కడే పడతాయి. విజిల్ వేశాక కూడా ఆటగాళ్ళకు వీపు తిప్పకండి, పక్ తీసుకోవడం ఆఖరి పని. పెనాల్టీ చెప్పడానికి స్కోరర్ బల్ల ముందు 10 అడుగుల అర్ధవృత్తం గీసి ఉంటుంది. మీరు అందులో ఉండగా ఆటగాళ్ళు లోపలికి రాకూడదు.

మరీ చిన్నపిల్లలు సగం రింక్‌లోనే ఆడతారు. అక్కడ ఈ లెక్కలు అక్కరలేదు, వాళ్ళకు లేవడం నేర్పితే చాలు. ముగ్గురు పనిచేసే మ్యాచ్‌లలో చేతికి రంగు పట్టీ ఉన్నవారు రెఫరీ, గీతలు చూసేది ఇద్దరు లైన్స్‌మన్‌లు. ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్‌లో) రెఫరీలే ఇద్దరు.

మీరడగకపోయినా ఒక మాట. మ్యాచ్‌కింత అని ఇచ్చే డబ్బు సంపాదన కిందికే వస్తుంది. అమెరికాలో ఎఫ్-1, హెచ్-1బి మీద ఉన్న మన పిల్లలు తగిన అనుమతి లేకుండా తీసుకుంటే వీసాకు ముప్పు. కెనడాలో చదువుకుంటున్నవాళ్ళు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటల పరిమితిలో దీన్నీ కలుపుకోవాలి.

రెఫరీ కోర్సు మొదలయ్యేలోపు మీ ఊరి రింక్‌లో ఒక మ్యాచ్‌కి వెళ్ళి, పైవరసలో, నీలం గీతకు ఎదురుగా కూర్చోండి. ఒక పీరియడ్ (మ్యాచ్‌లో ఒక భాగం) అంతా పక్‌ను చూడడం మానేసి ఒక్క రెఫరీనే చూడండి. పక్ గీత దాటిన ప్రతిసారీ ఆయన అక్కడికి ముందు చేరాడా, తర్వాత చేరాడా అని కాగితం మీద గీతలు పెట్టుకోండి. రెండో పీరియడ్‌లో రెండో రెఫరీని చూడండి.