దవడ కీలును వేలితో నొక్కి చూస్తే డాక్టర్‌కు ఏం తెలుస్తుంది?

ఆవలిస్తే చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే టక్‌మని చప్పుడు, ఎక్స్‌రే మాత్రం బాగానే ఉంది. డాక్టర్ ముఖమంతా వేళ్లతో నొక్కి చూసి "దవడ కీలు సమస్య" అన్నారు, నమ్మొచ్చా అని మీరు అడిగారు. నమ్మొచ్చు. కాకపోతే, నొక్కిన ప్రతిచోటా "మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" అని ఆయన అడిగారా లేదా అన్నది గుర్తు చేసుకోండి.

నేను దంతవైద్యురాలిని, ఇలాంటి దవడలు తరచూ చూస్తుంటాను. గట్టిగా నొక్కితే ఎవరి దవడైనా నొప్పెడుతుంది. అందుకే పేషెంట్ "అబ్బా" అన్నంత మాత్రాన దానికి పెద్ద విలువ ఇవ్వను. "ఆఁ, అదే! పొద్దున లేవగానే వచ్చేది ఇదే" అన్నారా, అప్పుడు ఆ చోటు రాసుకుంటాను.

చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెకు కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద ఒక ఎముక ముందుకు జారి వెనక్కి వస్తుంది. అదే కీలు. దవడ కీలు పరీక్షకు 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కీలు మీద అర కిలో, కండరాల మీద కిలో ఒత్తిడి పెట్టాలి. ఆ అంచనా వేలికి పట్టుబడాలని నేను వంటింటి తూకం మీద నొక్కి ప్రాక్టీస్ చేశాను. ఇప్పటికీ అప్పుడప్పుడు సరిచూసుకుంటాను, చెయ్యి తెలియకుండానే బరువెక్కుతుంది మరి.

తర్వాత కండరాలు. పళ్లు బిగిస్తే చెంప మీద ఉబికేది మాసెటర్, కణత దగ్గర ఉబికేది టెంపొరాలిస్. బిగింపు వదిలేశాక ఒక్కోచోట 2 సెకన్లు నొక్కుతాం. 5 సెకన్లు ఆపి ఉంచితే నొప్పి ఎటు పాకుతుందో కూడా తెలుస్తుంది. చెంప మీద నొక్కితే దవడ పంటిలో నొప్పి తెలిసేవాళ్లున్నారు. ఆ పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నా తగ్గక నా దగ్గరికి వచ్చినవాళ్లనూ చూశాను. నోట్లో వేలు పెట్టి బాగా వెనక నొక్కే పరీక్ష ఒకటుంది, దాని మీద నాకంత గురి లేదు. అక్కడి కండరం వేలికి సరిగా అందదు, ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా అక్కడ నొప్పే.

నోరు ఎంత తెరుచుకుంటుందో స్కేలుతో కొలుస్తాం. పెద్దవాళ్లకు పై, కింది ముందు పళ్ల మధ్య మామూలుగా 40 మిల్లీమీటర్లు దాటాలి. అంతకంటే తక్కువుంటే నా వేళ్లతో మెల్లగా ఇంకాస్త తెరిచి చూస్తాను. సాగితే కండరం బిగుసుకుందని అనుమానం. అస్సలు సాగకుండా గట్టిగా అడ్డుపడితే, గడ్డం కూడా ఒక పక్కకే లాగేస్తే, ఆ పక్క కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి ఇరుక్కుందేమోనని చూడాలి.

ఇక మీ ఎక్స్‌రే సంగతి. అందులో ఎముకే కనపడుతుంది, డిస్కూ కండరాలూ కనపడవు. కాబట్టి అది బాగుండటానికీ మీకు నొప్పి ఉండటానికీ పొంతన కుదరకపోవడమేమీ లేదు. డిస్క్ కనపడాలంటే ఎమ్మారై తీయాలి, కానీ నోరు పట్టేసినట్టు అయితే తప్ప మొదట్లోనే దాని జోలికి వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. నొప్పి లేని టక్ చప్పుడు ఒక్కటే ఉంటే టెన్షన్ పడకండి, అది చాలామందికి ఉంటుంది. గరగరమంటే మాత్రం కీలు అరుగుతోందేమో చూపించుకోండి.

ఒక్క జాగ్రత్త. వయసు 50 దాటాక కొత్తగా కణత నొప్పి మొదలై, నములుతుంటే దవడ లాగేసి, చూపు కూడా మసకబారితే అది కీలు పని కాకపోవచ్చు, రక్తనాళాల వాపు కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే దవడ నొప్పికి ముందు గుండె పరీక్ష చేయించుకోండి.