మెమరీ కార్డులో పాటలు ఎక్కిస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: అన్నా, కావలిలో నాకు చిన్న సెల్ షాప్ ఉంది. 50 రూపాయలకి మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కిస్తుంటా, పల్లెల నుంచి పెద్దోళ్ళు కూడా వచ్చి పాత పాటలు కావాలని అడుగుతుండారు. ఇది తప్పని ఒకాయన భయపెట్టాడు, నిజమేనా? వాట్సాప్‌లో పంపితే కూడా తప్పేనా?

జవాబు: నిజమే తమ్ముడూ, ఇంక ఆపెయ్. 1957 కాపీరైట్ చట్టంలో 63వ సెక్షన్ ఉంది, తెలిసి చేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం చేయలేదంటే కోర్టు శిక్ష తగ్గించొచ్చు, కానీ నువ్వు డబ్బులు తీసుకుంటుండావు కదా, ఆ మాట నీకు పనికిరాదు. వాట్సాప్ గ్రూపులో పాట ఫైల్ పెట్టడం కూడా పర్మిషన్ లేకుండా కాపీ పంచడమే, దానిబదులు పాటల యాప్‌లో ఉన్న ఆ పాట లింక్ పంపు.

పాత పాటలైతే ఫర్వాలేదనుకోవద్దు. రికార్డింగ్‌కి రిలీజైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది, అది అయిపోయినా రాసినాయన, ట్యూన్ కట్టినాయన పోయిన తర్వాత ఇంకో 60 ఏళ్ళు వాళ్ళ హక్కు నడుస్తుంది. 2012లో చట్టం మార్చి సినిమా పాట రాసినోళ్ళకి, ట్యూన్ కట్టినోళ్ళకి రాయల్టీలో వాటా ఇచ్చారు, బాలు పాటలు వింటూ పెరిగిన మనమే ఆ కష్టానికి గండి కొడితే నాకైతే బాధేస్తుంది. ఆ పెద్దోళ్ళ ఫోన్లో ఒక పాటల యాప్ ఎక్కించి, ఎట్ట వాడాలో చూపించి, ఆ పనికి 50 తీసుకో.