నోటర్ డేమ్ 1913 సీజన్ గురించి రాయబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ క్రీడాచరిత్ర క్లాసులో అమెరికాలోని నోటర్ డేమ్ కాలేజీ జట్టు 1913 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మీద వ్యాసం రాయమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ముప్పై ఏళ్లు పేపర్లో ఆటల పేజీ చూసినవాణ్ని. నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, "ఫార్వర్డ్ పాస్‌ను (బంతిని ముందుకు విసరడాన్ని) కనిపెట్టింది వీళ్లే" అన్న మాట రాయకు. చాలామంది నోట అదే వినిపిస్తుంది కానీ నిజం కాదు. 1905లో ఆట మొరటుతనానికి కుర్రాళ్లు చనిపోతున్నారని పెద్ద గొడవై, ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కాలేజీల వాళ్లను పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే బంతిని ముందుకు విసరొచ్చని రూల్ మార్చారు. ఆ 1906లోనే సెయింట్ లూయిస్ యూనివర్సిటీ జట్టు, కోచ్ ఎడ్డీ కోచమ్స్ నేర్పిన పాస్‌లతో ఒక్క ఆట కూడా ఓడకుండా సీజన్ ముగించింది.

నేనూ ఒకసారి ఇలాంటి తప్పు చేశాను. ఒక పాత కబడ్డీ ఆటగాడి గురించి ఊరంతా చెప్పుకునే కథను ఎవర్నీ అడక్కుండా అచ్చేయించాను. వారం తిరక్కముందే ఆయనతో ఆడిన పెద్దాయన పాత పేపర్ కటింగ్ పట్టుకుని వచ్చాడు. కోప్పడలేదు. "బాబూ, ఆ రోజు నేనూ ఆడాను" అన్నాడు, అంతే. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇక పని మొదలుపెట్టు. ఏడు ఆటలూ ఒక కాగితం మీద వరసగా రాసుకో. అక్టోబరు 4న ఒహాయో నార్తర్న్ మీద 87-0. 18న సౌత్ డకోటా మీద 20-7. 25న ఆల్మా మీద 62-0. నవంబరు 1న ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ జట్టు) మీద 35-13. 7న పెన్ స్టేట్ మీద 14-7. 22న సెయింట్ లూయిస్‌లో క్రిస్టియన్ బ్రదర్స్ మీద 20-7. 27న టెక్సస్ మీద 30-7. ఇప్పుడు తేదీల పక్కన ఊళ్ల పేర్లు రాయి. మొదటి మూడూ సొంత మైదానంలో, చివరి నాలుగూ పరాయి ఊళ్లలో. సెయింట్ లూయిస్‌లో ఆడిన ఐదో రోజుకు టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్నారు, అదీ రైలు ప్రయాణం చేసి! చుట్టుపక్కల పెద్ద కాలేజీలు వీళ్లతో ఆడటానికి ఇష్టపడేవి కావు. 1910లో మిచిగాన్‌తో జరగాల్సిన ఆట కూడా రద్దయింది. అందుకే కొత్తగా వచ్చిన కోచ్ జెస్సీ హార్పర్ దూరపు కాలేజీలతో ఆటలు కుదుర్చుకున్నాడు. ఇది చెబితేనే ఆర్మీతో ఆడటానికి ఆ అకాడమీ ఉన్న వెస్ట్ పాయింట్ దాకా ఎందుకు వెళ్లారో చదివేవాళ్లకు అర్థమవుతుంది.

మనవాళ్లకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది. కాబట్టి ఆటను రెండు మాటల్లో చెప్పు: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఆ నాలుగో ప్రయత్నం 1912లోనే వచ్చింది. టచ్‌డౌన్‌కు (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించడానికి) ఆరు పాయింట్లు ఇవ్వడం, పాస్ 20 గజాలు దాటకూడదన్న హద్దు తీసేయడం కూడా ఆ ఏడాదే. ఇంతకు మించి రూల్స్ వద్దు.

నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సింది 1913 ఎండాకాలం మీద. క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) గస్ డొరే, కెప్టెన్ న్యూట్ రాక్నీ ఈరీ సరస్సు ఒడ్డున సీడర్ పాయింట్ అనే విహారస్థలంలో సెలవుల పనికి కుదిరారు. పని లేని వేళల్లో ఇసుకలో పరుగెత్తుతూ ఒకడు విసరడం, ఇంకొకడు పట్టుకోవడం. రూల్ వచ్చి ఏడేళ్లయినా పెద్ద జట్లు చాలావరకు పాస్‌ను నమ్ముకోలేదు. వీళ్లిద్దరూ నమ్మి సాధన చేశారు. నా దృష్టిలో ఈ సీజన్‌కు ప్రాణం అదే. రాక్నీ నార్వేలో పుట్టి, చికాగో పోస్టాఫీసులో పనిచేసి, ఇరవై రెండేళ్ల వయసులో కాలేజీలో చేరినవాడు. అదీ రాయి.

ఆర్మీ ఆటలో సగం సమయానికి స్కోరు 14-13. ఎవరైనా గెలవొచ్చు. రెండో సగంలో ఆర్మీకి ఒక్క పాయింటూ రాలేదు. డొరే 17 పాస్‌లు విసిరితే 14 అందాయని, 243 గజాలు వచ్చాయని లెక్క చెబుతారు. కానీ పాస్‌ల గురించే రాసి ఊరుకోకు. పాస్‌లకు భయపడి ఆర్మీ వాళ్లు దూరదూరంగా నిలబడితే, రే ఐకెన్‌లాబ్ మధ్యలోంచి బంతితో దూసుకుపోయాడు. అతన్ని మరిచిపోతే అన్యాయం చేసినట్టే.

రాక్నీ కాసేపు కుంటినట్టు నటించి, తనను కాపలా కాసేవాణ్ని ఏమార్చి టచ్‌డౌన్ చేశాడన్న కథ నీకు కనిపిస్తుంది. అది రాక్నీ పేరున్న కోచ్ అయ్యాక తానే చెప్పుకున్నది. వాడుకో, కానీ "రాక్నీ తర్వాత చెప్పినదాని ప్రకారం" అని తప్పకుండా రాయి. మీ లైబ్రరీలో నవంబరు 2 నాటి న్యూయార్క్ పేపర్లు అడుగు. నోటర్ డేమ్ విద్యార్థుల పత్రిక స్కొలాస్టిక్ కూడా చదువు. సొంతవాళ్లు రాసింది, బయటివాళ్లు రాసింది పక్కపక్కన పెట్టుకుంటే ఎక్కడ పొగిడారో, ఎక్కడ చూసింది చూసినట్టు రాశారో తెలుస్తుంది.

ఆర్మీ ఆటతో వ్యాసం ఆపేయకు తల్లీ. ఆరు రోజులకే పెన్ స్టేట్‌లో 14-7తో గట్టెక్కారు. నాకు ఆ ఆటంటేనే ఎక్కువ గౌరవం. దేశమంతా పేరు మోగిన వారంలోనే, అలసిన ఒంటితో, పరాయి ఊళ్లో గెలవడం చిన్న విషయం కాదు. చివరిగా ఆస్టిన్. ఆ ఏడాది టెక్సస్ ఓడింది ఆ ఒక్క ఆటే, ఆర్మీ ఓడింది కూడా వీళ్ల చేతుల్లోనే. ఈ రెండు విషయాలూ పక్కపక్కనే పెట్టు.

మొదటి ప్రతి పూర్తవగానే పంపు. తేదీలు, స్కోర్లు నేను సరిచూస్తాను. వేళకు తిను.

ప్రేమతో,
పెదనాన్న