మధ్యాహ్నం ఆగిపోయే సోలార్ ఇన్వర్టర్: వోల్టేజ్ ఎక్కడ పెరుగుతోంది?

వనస్థలిపురంలో ఇంటిమీద 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ సోలార్ ఉంది, మధ్యాహ్నం 'గ్రిడ్ ఓవర్‌వోల్టేజ్' అని ఇన్వర్టర్ ఆగిపోతోంది, వెళ్లి మల్టీమీటర్ పెడితే 242 వోల్టులే ఉంది, ఎందుకు అని ఒకరు అడిగారు. (ఇన్వర్టర్ అంటే ఇక్కడ సోలార్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చి గ్రిడ్‌కు, అంటే వీధి లైనుకు, పంపే పెట్టె.) ఆగాక కొలిస్తే అంతే ఉంటుందండీ. వోల్టేజ్‌ను పైకి నెట్టేది ఇన్వర్టర్ పంపే కరెంటే. అది నడుస్తుండగానే కొలవాలి, అదీ రెండు చోట్ల.

హద్దు 253 వోల్టులు, అంటే 230కి 110 శాతం. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) 2013 నిబంధనల ప్రకారం అది దాటితే రెండు సెకన్లలోపు ఇన్వర్టర్ గ్రిడ్ నుంచి విడిపోవాలి. ఇక మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని (11 వేల వోల్టులను) మూడు ఫేజుల మధ్య 433 వోల్టులకు దించుతుంది. లోడు లేనప్పుడు ఫేజుకు 250. ఏసీలు ఆడని జనవరి మధ్యాహ్నం, ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో మిగిలే జాగా మూడు వోల్టులే!

మబ్బు లేని రోజు పన్నెండింటికి ఇంట్లో ఏసీ, గీజర్, బోరు మోటారు ఆపేయండి. ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర, కరెంటు మీటరు దగ్గర ఒకేసారి వోల్టేజ్ చూడండి. టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) కరెంటు రాసుకోండి. ఇన్వర్టర్‌ను ఇంటి లైనుకు కలిపే బ్రేకర్ దించి వెంటనే మళ్లీ చూడండి. పక్కవాళ్ల లోడు మారుతుంటుంది కనుక నాలుగైదుసార్లు చేయాలి. ఉదాహరణకు 20 ఆంపియర్ల దగ్గర టెర్మినళ్లలో 252, మీటరు దగ్గర 248 ఉండి, బ్రేకర్ దించాక రెండూ 242 అయ్యాయనుకోండి. నాలుగు వోల్టులు మీ ఇంటి వైరువి, ఆరు బయటి లైనువి. 20 మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే, రానుపోను 40 మీటర్లు, దాదాపు అంతే పోతుంది. 10 వేస్తే ఒకటిన్నర వోల్టుకు దిగుతుంది. చాలా ఇళ్లలో జబ్బు ఇక్కడే. ఇన్వర్టర్ సెట్టింగులో హద్దు పెంచమనే సలహా మాత్రం వినకండి, ఆ వోల్టేజ్ పక్కింటి ఫ్రిజ్‌కీ వెళ్తుంది.

ఎండతో సంబంధం లేకుండా వోల్టేజ్ ఎగిరిపడుతుంటే, ఒక ఫేజు 270కి, ఇంకొకటి 200కి వెళ్తుంటే, అది న్యూట్రల్ వదులు. మెయిన్ దించి 1912కు ఫోన్ చేయండి.

లైట్లు క్షణం మినుకుమంటున్నాయనీ రాశారు. దానికి సగటు చూపే లాగర్ (వోల్టేజ్‌ను నమోదు చేసే పరికరం) పనికిరాదు: 60 మిల్లీసెకన్లపాటు 140కి పడినా ఒక సెకను సగటులో 226గా కనిపిస్తుంది. ఒక్కోసారి 20 మిల్లీసెకన్ల ముక్క తీసుకుని ఆర్‌ఎంఎస్ (మీటరు చూపే వోల్టేజ్ విలువ) లెక్కగట్టి ప్రతి 10 మిల్లీసెకన్లకు తాజా చేయాలి. సైకిల్‌కు, అంటే 20 మిల్లీసెకన్ల ఒక్కో అలకు, 128 శాంపిళ్లు (కొలతలు) చాలు. 207 కిందికి వస్తే పతనం మొదలైనట్టు, 212 దాటితేనే ముగిసినట్టు రాసుకోవాలి. లేకపోతే ఒక్క పతనం పదిగా నమోదవుతుంది. జీరో క్రాసింగ్‌తో (అల సున్నా దాటే చోటును చూసి) సైకిల్ కొలవకండి, హార్మోనిక్స్ (అల ఆకారాన్ని చెడగొట్టే అదనపు అలలు) ఉంటే అది మోసపోతుంది. కరెంటు కూడా నమోదు చేయండి: వోల్టేజ్ పడిన క్షణమే మీ ఇంటి లోడు కరెంటు ఎగిరితే కారణం మీ బోరు మోటారే.

బ్రేకర్ దించినా 249 దగ్గరే ఉంటే వారం రోజుల రికార్డుతో ఏఈని (విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజినీరును) కలిసి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్, అంటే వోల్టేజ్‌ను మెట్లుగా మార్చే అమరిక, ఒక మెట్టు దించమనండి. ఒక మెట్టు 2.5 శాతం, అంటే దాదాపు 6 వోల్టులు. ముందుగా లైను చివరి ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కొలిచి ఆ అంకె కూడా ఇవ్వండి. అక్కడ అప్పటికే 210 ఉంటే ట్యాప్ దించాక వాళ్ల మోటార్లు కాలిపోయే ప్రమాదం ఉంది.