పాత చర్చిని ఎలా చూడాలి?

ప్రశ్న: ఈమధ్య పిల్లలతో మెదక్ చర్చికి వెళ్లి, గంటసేపు ఫొటోలు తీసుకుని వచ్చేశాము. ఆ ఎత్తుకు ఆశ్చర్యపోయామే గాని, ఏమి చూశారని ఇంట్లో పెద్దలు అడిగితే చెప్పలేకపోయాము. మేము క్రైస్తవులము కాము. ఇటువంటి కట్టడాలను ఎలా చూడాలి? మా దగ్గరలో చూడదగినవి ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈసారి వెళ్లినప్పుడు ఫోను తీయకముందే గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడి, ఇంత ఎత్తున ఉన్న కప్పు బరువును ఏది మోస్తున్నదో పిల్లలనే అడిగి చూడండి. మెదక్ చర్చిది గోథిక్ పద్ధతి, అంటే కొన తేలిన కమానులతో కట్టే ఐరోపా పద్ధతి. అర్ధచంద్రాకారపు కమాను తన మీది బరువును పక్కలకు ఎక్కువగా నెడుతుంది. కొన తేలిన కమాను అదే బరువును చాలావరకు కిందికి దించుతుంది కాబట్టి గోడలను ఎత్తుగా లేపి, వాటిలో పెద్ద కిటికీలు పెట్టడం సాధ్యమైంది. మిగిలిన నెట్టుడును ఆపేందుకే బయట గోడలకు ఊతలు కడతారు, అవి అలంకారం కోసం పెట్టినవి కావు. ఈ ఒక్క సంగతి తెలిస్తే కట్టడం సగం అర్థమైనట్లే.

సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంట గోపురం గల ఆ చర్చిని మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో పనికి కూడు పెట్టి కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అన్నం కోసం రాళ్లు మోసిన ఆ కూలీలను తలచుకోకుండా దాని అందం గురించి మాట్లాడడం నాకు న్యాయంగా తోచదు. ఇక రంగుటద్దాల కిటికీలు బయటినుంచి నల్లగానే కనిపిస్తాయి. లోపల నిలబడి, ఎండ వాటి గుండా వస్తుండగా చూడాలి. అందుకే ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసేంత తీరిక పెట్టుకోండి.

మీ ఊరికే వస్తే, ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషను ప్రారంభించారు (లూథరన్లు ప్రొటెస్టెంటులలో ఒక శాఖవారు). నరసరావుపేట దారిలో ఫిరంగిపురంలో కతోలికుల బాలయేసు దేవాలయం ఉన్నది. లూథరన్ మందిరాన్నీ కతోలిక దేవాలయాన్నీ ఒకేరోజు చూస్తే తేడా బాగా తెలుస్తుంది. కతోలిక దేవాలయంలో చూపు నేరుగా బలిపీఠం మీదికి, దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రపరచిన రొట్టె) ఉంచిన చోట వెలిగే దీపం మీదికి పోతుంది. పక్క గోడల మీద సిలువ మార్గపు, అంటే యేసు సిలువ యాత్రను చూపే, 14 ఘట్టాలు వరుసగా ఉంటాయి. లూథరన్లకు వాక్యోపదేశం ముఖ్యం కాబట్టి ప్రసంగ వేదిక అందరికీ కనబడేలా, వినబడేలా అమరుస్తారు.

పాత సున్నపు గోడలకు ఎక్కడైనా సిమెంటు పూత కనబడితే గమనించండి. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. క్రమేణా ఆ గోడే పెచ్చులూడుతుంది. భక్తితో చేయించే మరమ్మతే కట్టడానికి చేటు తెస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

విజయవాడ వచ్చినప్పుడు గుణదల కొండకూ వెళ్లండి. ఫాదర్ ఆర్లాటి 1924లో అక్కడ మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. అయితే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలకు వచ్చే జనంలో కట్టడాన్ని నిదానంగా చూడడం కుదరదు. ఎక్కడైనా ఆరాధన జరుగుతుంటే ముగిసేదాకా వెనుక వరుసలో కూర్చోండి. ఫొటోలకు ముందుగా ఆ చర్చి గురువుల అనుమతి అడగండి.